బొమ్మ గీసిన చెయ్యే దర్గా పలకా చేసింది

ఇస్లాంలో బొమ్మలు నిషిద్ధమట, కాబట్టి పారశీక గిన్నెల మీద మనుషులూ గుర్రాలూ కనిపిస్తే అవి నకిలీవో, ముస్లిమేతరులు చేసినవో అయి ఉండాలట. ఫోన్లలో తిరిగే ఈ మాటను చదువుకున్నవాళ్లే నమ్మి పిల్లలకు చెబుతున్నారు. ఒక జాతి కళను దాని చేతుల్లోంచి లాక్కునే అబద్ధం ఇది.

ఇరాన్‌లోని కాషాన్ కుమ్మరి అబూ జైద్ సంగతి చూడండి. 1186లో కొలువుతీరిన మనుషుల బొమ్మలతో అతను చేసిన గిన్నె, సంతకంతో, తేదీతో సహా న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. అదే అబూ జైద్ ఖోమ్‌లో ఫాతిమా మాసూమా సమాధికీ, మష్హద్‌లో ఇమాం రజా దర్గాకూ మెరుపు పలకలు చేశాడు. మరి పరాయివాడు ఎక్కడున్నాడు? వాషింగ్టన్ ఫ్రీర్ గ్యాలరీలోని ఒక పానపాత్ర మీద పారశీక కావ్యం షాహ్‌నామాలోని బీజన్, మనీజా ప్రేమకథ వరసలుగా సాగుతుంది. ఇలా రంగుల బొమ్మలున్న పాత్రలను మీనాయీ అంటారు; వాటిని ముందు గ్లేజు వేసి కాల్చి, దాని మీద రంగులు అద్ది, తక్కువ వేడిలో మళ్లీ కాల్చేవారు. ఇంత శ్రమ చాటుగా చేసే పని కాదు.

ప్రార్థనా స్థలాల్లో మాత్రం మనుషుల బొమ్మలు సాధారణంగా ఉండవు, నిజమే. హైదరాబాద్ బాద్‌షాహీ అషూర్‌ఖానా గోడల మీదా అక్షరాలు, అలాలు (మొహర్రం పీర్ల ధ్వజాలు), పూలతీగలే. కానీ మసీదు నియమం భోజనపు పళ్లేనికి వర్తించదు.

ఈ బొమ్మల గురించి ఇంకొన్ని అపోహలూ ఉన్నాయి. వీటిలోని గుండ్రటి ముఖాలు మంగోలుల ప్రభావమంటారు. మంగోలు సేనలు ఇరాన్ మీద పడింది 1220 ప్రాంతంలో, ఈ ముఖాలు అంతకు ముందువే. తల చుట్టూ వలయం ఉంటే మహాత్ములంటారు. ఆ వలయం పరిచారకులకూ ఉంది.

నకిలీ అన్న అనుమానంలో కొంత నిజముందని ఒప్పుకోవాలి. ఇరవయ్యో శతాబ్దపు వ్యాపారులు వేర్వేరు పాత్రల పెంకులు కలిపి అతికించి, అతుకుల మీద కొత్త రంగు పూసి, నిండు గిన్నెలుగా అమ్మారు. అందుకే చెక్కుచెదరని మీనాయీ గిన్నె కనిపిస్తే సంబరపడకండి, మరమ్మతు వివరం అడగండి. మ్యూజియం వెబ్‌సైట్లో ఫొటో పెద్దది చేసి అతుకులు వెతకండి. గిన్నె మీద తేదీ ఉంటే దాన్ని చదివాకే ఏ మాటైనా ఇతరులకు పంపండి.