ఇంజను గర్జిస్తుంది, బండి కదలదు!

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం సరస్సులకూ, చిత్తడి నేలలకూ పేరుపొందింది. అక్కడి అడవి దారుల్లోనూ, న్యూజిలాండులోని గొర్రెల పెంపక క్షేత్రాల్లోనూ ఒక చిన్న మోటారు బండి తరచు కనిపిస్తుంది. నాలుగు లావుపాటి టైర్లు, మోటారు సైకిలుకు ఉన్నట్టే హాండిలు, దానిమీద గుర్రమెక్కినట్లు కూర్చున్న మనిషి! దీన్ని ఎ.టి.వి. అంటారు. ఎలాంటి నేలమీదనైనా నడిచే బండి అని అర్థం. గుట్టలెక్కుతుంది, బురద తొక్కుతుంది, చిన్న చిన్న వాగులు దాటుతుంది.

ఇంతటి మొండి బండి కూడా వాగు దాటి ఒడ్డెక్కబోతూ ఒక్కొక్కసారి చతికిలబడుతుంది. ఇంజను ఆగిపోదు సరికదా, మామూలుకంటె ఎక్కువగా హోరెత్తిపోతుంది. చక్రాలు మాత్రం కదలవు. ఇంజను తిరుగుతున్నది, చక్రాలకేమో ఆ శక్తి అందడంలేదు. మధ్యలో ఎక్కడో లంకె తెగిందన్నమాట. ఎక్కడ?

ఈ బండ్లలో చాలావాటికి మోటారు సైకిలుకు ఉన్నట్లు గేర్లు మార్చే పని ఉండదు. ఇంజను ఇరుసుకు ఒక కప్పీ, చక్రాలవైపు మరొక కప్పీ, రెంటినీ కలుపుతూ ఒక రబ్బరు బెల్టు ఉంటాయి. ఒక్కొక్క కప్పీ రెండు పళ్ళేలను ఎదురెదురుగా నిలబెట్టినట్లుంటుంది. ఆ పళ్ళేల లోపలి ముఖాలు ఏటవాలుగా ఉంటాయి. ఇంజను వేగం పెరిగినకొద్దీ ముందు కప్పీలోని చిన్న బరువులు అపకేంద్ర బలంవల్ల బయటికి జరిగి, రెండు పళ్ళేలను దగ్గరికి నెడతాయి. మధ్యనున్న బెల్టు ఇరుకున పడి పైఅంచుకు పాకుతుంది. బెల్టు పొడవు మారదు కదా! అందుచేత రెండో కప్పీ పళ్ళేలు స్ప్రింగును తోసుకొని విడిపోతాయి, అక్కడ బెల్టు లోపలికి దిగుతుంది. అంటే ముందు చిన్నదిగా ఉన్న చుట్టు పెద్దదవుతుంది, వెనుకనున్న పెద్ద చుట్టు చిన్నదవుతుంది. గేర్లు వాటంతటవే, మెట్లు మెట్లుగా కాక జారుడుబల్ల మీదలాగా మారిపోతాయి.

హాలెండులోని డాఫ్ కంపెనీ ఈ ఏర్పాటుతో 1958లో ఒక చిన్న కారును ప్రదర్శించింది. ఆ కారు ముందుకు ఎంత వేగంగా పోగలదో వెనక్కీ అంత వేగంగా పోగలిగేది! ఆ వసతి ఎవరికి కావాలి అన్నది వేరే సంగతి.

ఈ బెల్టుకు పళ్ళు పట్టుకొనే గేరు చక్రమేమీ లేదని గమనించారా? అడ్డంగా కోసి చూస్తే అది పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటుంది. దుంగలో దిగిన గొడ్డలిలాగా రెండు పళ్ళేల మధ్య బిగుసుకొని, కేవలం ఘర్షణ బలంతో లాగుతుంది. కాబట్టి ఘర్షణ పోయిందంటే అన్నీ పోయినట్లే. రబ్బరుకూ లోహానికీ మధ్య పలుచని నీటిపొర చేరితే సరిగ్గా అదే జరుగుతుంది. వానలో సైకిలు బ్రేకు పట్టకపోవడం మీకు తెలిసిందే.

అయితే మీకొక సందేహం రావచ్చు. సైకిలు బ్రేకును నాలుగైదు సార్లు నొక్కేసరికి రిమ్ము తుడుచుకొనిపోయి మళ్ళీ పడుతుంది. బెల్టు కూడా అలాగే తనను తాను తుడుచుకోవచ్చు కదా? తుడుచుకోగలదు, కాని అది ఒక మూసిన పెట్టెలో ఉంది. పెట్టె అడుగున నిలిచిన నీళ్ళు చిమ్మి దాన్ని మళ్ళీ మళ్ళీ తడుపుతూనే ఉంటాయి.

పెట్టెను నీరు చొరకుండా పూర్తిగా మూసేస్తే సరిపోదా అంటే, అదీ కుదరదు. బెల్టు వంగుతూ, ఒరుసుకుంటూ తిరగడంవల్ల చాలా వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోకపోతే రబ్బరు పాడవుతుంది. అందుకని పెట్టెకు ఒక గొట్టంనుంచి గాలి లోపలికి వచ్చి, ఇంకొక గొట్టంనుంచి బయటికి పోయే ఏర్పాటు ఉంటుంది. కప్పీకి ఉన్న రెక్కలే ఫానులాగా గాలిని లాగుతాయి. గొట్టం మూతి మునిగేంత లోతుకు దిగితే ఆ దారినే నీళ్ళు వస్తాయి. గాలికి వేసిన బాట నీటికీ పనికివస్తుందన్నమాట!

ఇలాంటప్పుడు అనుభవంలేనివారు కంగారుపడి ఇంకా గట్టిగా ఇంజను రేపుతారు. అది చాలా చేటు. కదలని బెల్టును తిరిగే కప్పీ ఒకేచోట ఒరుసుకొని కాల్చేస్తుంది. అక్కడ గుంట పడుతుంది. తరువాత బెల్టు ఆరినా, ఆ గుంట వచ్చినప్పుడల్లా బండి కుదుపు ఇస్తూనే ఉంటుంది.

చేయవలసినదల్లా బండిని గట్టుమీదికి నెట్టి, ముందుగా ఇంజను గాలి పీల్చే డబ్బా విప్పి చూడడం. అందులోనూ నీళ్ళుంటే ఇంజను ముట్టించనేకూడదు. సిలిండరులోని గాలిని ముషలకం పదోవంతుకు నొక్కగలదు, నీటిని నొక్కలేదు. లోపలి కడ్డీ వంగిపోతుంది. డబ్బా పొడిగా ఉంటే, బెల్టు పెట్టె అడుగునున్న బిరడా తీసి నీళ్ళు పోనివ్వాలి. ఆపైన గేరుపుల్లను న్యూట్రలులో పెట్టి ఇంజనును కాసేపు పెంచుతూ తగ్గిస్తూ నడపాలి. గేరుపెట్టె రెండో కప్పీకి అవతల ఉంటుంది కాబట్టి, చక్రాలు కదలకుండానే రెండు కప్పీలూ బెల్టూ తిరుగుతాయి. వాటి రెక్కల గాలికి తడి ఆరిపోతుంది. పిదప తక్కువ గేరులో మెల్లగా కదిలించి చూస్తే పట్టు వచ్చిందో లేదో తెలుస్తుంది. రాకపోతే మళ్ళీ అదే పని. లోపలికి పోయినవి బురదనీళ్ళయితే ఇది చాలదు. ఇంజను ఆపి, మూత విప్పి, మంచినీటితో కడిగి ఆరబెట్టవలసిందే.

ఎంత లోతు దాటవచ్చునో ప్రతి బండితోపాటు ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. సాధారణంగా అది పాదాలు ఆనించే చోటికి మించదు. కొందరు గాలి గొట్టాలను హాండిలు ఎత్తుదాకా పొడిగిస్తారు. దానితో బెల్టు తడవదుగాని, ఆ లావు టైర్లలో ఉన్నది గాలి. లోతు ఎక్కువైతే అవి తేలడం మొదలుపెడతాయి, పారే నీటిలో బండి మనిషితో సహా కొట్టుకుపోతుంది.

ఈ బెల్టు మన ఊళ్ళోనూ ఉంది. 1984లో కైనెటిక్ హోండాతో మన దేశానికి వచ్చిన గేరులేని స్కూటరులో పనిచేసేది ఇదే సూత్రం. నేటి గేరులేని పెట్రోలు స్కూటర్లలోనూ వెనుక చక్రం ఎడమపక్కనున్న పొడవాటి పెట్టెలో ఈ రెండు కప్పీలే తిరుగుతుంటాయి. ఈసారి వానాకాలంలో నీళ్ళు నిలిచిన వీధిలో ఏ స్కూటరైనా ఊరికే హోరెత్తుతూ నిలబడిపోతే, ముందుగా ఆ పెట్టెవంక చూడండి.