పరీక్ష ముగిసినా మిగిలిపోయే టేబుళ్లు

రైలు టికెట్ల రిజర్వేషన్, బ్యాంకు ఖాతా, ఆసుపత్రిలో ఓపీ నమోదు వంటి సేవలన్నింటి వెనుకా ఒక డేటాబేస్ ఉంటుంది. అందులో సమాచారం అడ్డు, నిలువు వరుసలున్న టేబుళ్లలో భద్రంగా ఉంటుంది. ఈ సేవలను నడిపే ప్రోగ్రామ్‌లో చిన్న మార్పు చేసినా, జనం వాడకంలోకి వదిలే ముందు దాన్ని ఎన్నో పరీక్షలతో సరిచూస్తారు. ఆ పరీక్షలను కూడా కంప్యూటరే నడుపుతుంది. ముందుగా టేబుళ్లు సృష్టించి, వాటిలో ఉత్తుత్తి వివరాలు నింపుతుంది. ఫలితం సరిగా ఉందో లేదో చూసి, చివర్లో అన్నీ తొలగిస్తుంది. చిక్కంతా ఈ చివరి పనితోనే.

మిగిలిపోతే నష్టమేమిటి?

పాత లెక్క చెరపని పలక మీద కొత్త లెక్క చేస్తే జవాబు తప్పుతుంది. ఇక్కడా అంతే. ఒక ప్రయాణికుడిని నమోదు చేస్తే జాబితాలో ఒకే పేరు ఉండాలన్నది పరీక్ష అనుకుందాం. నిన్నటి పేరు అక్కడే ఉండిపోతే లెక్క రెండు అవుతుంది. ప్రోగ్రామ్‌లో ఏ లోపమూ లేకున్నా పరీక్ష విఫలమవుతుంది.

దీనికి వ్యతిరేకంగా జరిగితే మరింత ప్రమాదం. కొత్త ప్రోగ్రామ్ ఒక టేబుల్‌ను సృష్టించడమే మరిచిపోయిందనుకుందాం. పాత టేబుల్ అక్కడే ఉండటంతో పరీక్ష గట్టెక్కుతుంది, లోపం మాత్రం వాడకందారుల దాకా వెళ్తుంది.

చివరి అడుగు ఎందుకు తప్పుతుంది?

శుభ్రం చేసే ఆదేశాలను సాధారణంగా పరీక్ష చివర్లో రాస్తారు. కానీ పరీక్ష చివరిదాకా సాగుతుందన్న హామీ లేదు. మధ్యలో కరెంటు పోవచ్చు, ప్రోగ్రామ్ కుప్పకూలవచ్చు, విసుగొచ్చి ఎవరైనా ఆపేయవచ్చు. తొలగించే వరుస కూడా ముఖ్యమే. టికెట్ల టేబుల్ ప్రయాణికుల టేబుల్‌పై ఆధారపడి ఉంటే, ప్రయాణికుల టేబుల్‌ను ముందుగా తొలగించడానికి డేటాబేస్ సాధారణంగా ఒప్పుకోదు.

తుడవడం కన్నా వెనక్కి తిప్పడం మేలు

దీనికి ఒక పరిష్కారం ‘ట్రాన్సాక్షన్’. అందులోని పనులన్నీ పూర్తిగా జరగాలి, లేదంటే ఏదీ జరగనట్టే ఉండాలి. ఈ గుణంతో పాటు మరో మూడింటిని కలిపి 1983లో థియో హార్డర్, ఆండ్రియాస్ రాయిటర్ ‘యాసిడ్’ అని పేరు పెట్టారు. పరీక్షనంతా ఒక ట్రాన్సాక్షన్‌లో నడిపి, చివర్లో ‘రోల్‌బ్యాక్’ చేస్తే డేటాబేస్ మునుపటి స్థితికి వస్తుంది. మధ్యలో కనెక్షన్ తెగిపోయినా, పూర్తికాని మార్పులను డేటాబేసే రద్దు చేస్తుంది.

దీనికీ పరిమితులున్నాయి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో కొత్త టేబుల్ సృష్టించడాన్ని కూడా వెనక్కి తిప్పవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో మామూలు టేబుల్‌ను సృష్టించగానే, అప్పటిదాకా చేసిన మార్పులు కూడా ఖరారైపోతాయి. ఇక రోల్‌బ్యాక్‌తో లాభం ఉండదు.

అందుకే చాలా బృందాలు పరీక్షల కోసం విడిగా డేటాబేస్ సృష్టించి, పని కాగానే దాన్ని మొత్తంగా పారేస్తాయి. జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఇలాంటి డేటాబేస్ పేరు ముందు మామూలుగా ‘టెస్ట్’ అని చేరుస్తుంది. గతంలో ఆగిపోయిన పరీక్ష తాలూకు డేటాబేస్ కనిపిస్తే, తొలగించాలా అని ముందే అడుగుతుంది. శుభ్రం చేయడాన్ని పరీక్ష చివరికే వదిలేయకుండా మొదట్లోనూ చేయడం మంచిదన్నది ఇందులోని కిటుకు.

తొలగించే ముందు

శుభ్రం చేసే ఆదేశానికి ఏది ఉత్తుత్తి సమాచారమో, ఏది అసలుదో తెలియదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఏం జరిగిందో చూస్తే ఇది అర్థమవుతుంది. అది పరీక్షలకు సంబంధించిన ఘటన కాదు. ఒక ఇంజినీరు నకలు సర్వర్‌లో డేటా తొలగిస్తున్నాననుకుని, అసలు సర్వర్‌లో ఆదేశమిచ్చారు. పొరపాటు గుర్తించి వెంటనే ఆపినా, అప్పటికే దాదాపు 300 గిగాబైట్లు పోయాయి. సుమారు 6 గంటల ముందటి నకలు ఒకటి ఉండటంతో సేవను పునరుద్ధరించగలిగారు. ఆ తర్వాత చేరిన డేటాబేస్ సమాచారం మాత్రం తిరిగి రాలేదు.

అందుకే పరీక్షలు నడిపే ఖాతాకు అసలు డేటాబేస్‌పై ఏ అధికారమూ ఉండకూడదు. తొలగించే ముందు డేటాబేస్ పేరులో ‘టెస్ట్’ ఉందో లేదో ప్రోగ్రామే సరిచూడాలి, లేకపోతే అక్కడే ఆగిపోవాలి. ఈ తనిఖీకి నాలుగైదు వరుసల కోడ్ చాలు.