పెద్దపీట ఎవరికి? - వెబ్‌సైట్ల మధ్య లంకెల లెక్క

పరిశోధనారంగంలో ఉన్నవారికి ఒక అలవాటు ఉంటుంది. కొత్త వ్యాసం చేతికి రాగానే సారాంశం చదివి, వెంటనే చివరి పుటకు వెళ్ళి అందులో ఎవరెవరిని ఉదహరించారో చూస్తాము. ఒకరితో ఒకరికి సంబంధం లేని పదిమంది నిష్ణాతులు ఒకే పాత వ్యాసాన్ని ఉదహరిస్తున్నారంటే అందులో విషయం ఉన్నదని అర్థం. ఈ ఉదహరింపులను క్రమపద్ధతిలో పోగుచేసి శాస్త్ర సాహిత్యానికి సూచికగా వాడవచ్చునని 1955లో 'సైన్స్' పత్రికలో ప్రతిపాదించినవాడు యూజీన్ గార్‌ఫీల్డ్. ఆయన కొలంబియా విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చదివినవాడు కావడం మా వర్గానికి కొంత గర్వకారణం. ఆయనకు నమూనా మాత్రం న్యాయశాస్త్రం నుండి వచ్చింది. ఒక తీర్పును తరువాతి తీర్పులు ఎక్కడెక్కడ పేర్కొన్నాయో తెలిపే షెపర్డ్స్ సైటేషన్స్ అనే సూచికను అమెరికా న్యాయవాదులు 1873 నుండి వాడుతూ వచ్చారు. గార్‌ఫీల్డ్ కృషి ఫలితంగా 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వెలువడింది.

వెబ్‌సైట్ల సంగతికి ఈ ఉపోద్ఘాతం ఎందుకంటే, నేటి సెర్చ్ ఇంజిన్ల పునాదులలో ఇదే ఆలోచన ఉన్నది. 1990లలో తొలితరం సెర్చ్ ఇంజిన్లు ప్రధానంగా పుటలో ఉన్న మాటలనే లెక్కపెట్టేవి. 'వీసా' అనే మాటను వందసార్లు రాసుకున్న పుట ముందుకు వచ్చేది. ఎవరైనా తన గురించి తాను చెప్పుకునే మాటకు అంత విలువ ఇస్తే జరిగేది అదే కదా! 1998లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ మహాసభలో సమర్పించిన వ్యాసం ఈ పద్ధతిని తలకిందులు చేసింది. ఒక పుట నుండి మరొక పుటకు ఇచ్చే లంకె కూడా ఉదహరింపు వంటిదే; కనుక ఒక పుట తన గురించి ఏమి చెప్పుకున్నదన్నది కాక, ఇతరులు దానివైపు ఎంతగా వేలు చూపారన్నది చూడాలని వారి వాదం. ఇలా బయటి నుండి మనకు వచ్చే లంకెనే బ్యాక్‌లింక్ అంటున్నారు.

అయితే అన్ని వేళ్ళూ సమానం కావు. వారి పేజ్‌ర్యాంక్ సూత్రాన్ని సరళంగా ఇలా చెప్పవచ్చును. ప్రతి పుటకు కొంత పరపతి ఉంటుంది. అందులో 0.85 వంతును తాను లంకె ఇచ్చిన పుటలన్నింటికీ సమానంగా పంచుతుంది. ఎవరూ లంకె ఇవ్వని పుటకైనా 0.15 కనీస పరపతి ఉంటుంది. పరపతి 1 ఉన్న ఒక గౌరవనీయమైన పుట అయిదు లంకెలు ఇచ్చిందనుకుందాము, ఒక్కొక్కదానికి 0.17 దక్కుతుంది. కేవలం లంకెలు అమ్ముకొనడానికి వెలసిన పుట పరపతి ఆ 0.15 మాత్రమే. అది 300 లంకెలు ఇస్తే ఒక్కొక్కదానికి వచ్చేది 0.000425. అటువంటివి 400 కలిస్తే గాని ఒక మంచి లంకెకు సరితూగవు. 'వేయి బ్యాక్‌లింకులు చవకగా' అనే ప్రకటన చూసినపుడు ఈ భాగహారం గుర్తుంచుకుంటే చాలును.

ఇచ్చేవారి పరపతి వారికి ఇచ్చేవారి మీద ఆధారపడి ఉంటే లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి? గొట్టాలతో ఒకదానికొకటి కలిపిన పాత్రలను ఊహించండి. మొదట ఎందులో ఎంత ద్రవం పోసినా, పంపకం నియమం మారకపోతే కొంతసేపటికి ప్రతి పాత్రలోనూ మట్టం ఒకచోట నిలుస్తుంది. ప్రవాహం ఆగలేదు, రాకపోకలు సమమైనవి. దీనిని స్థిరస్థితి అంటారు, సమతాస్థితి అనరు. విద్యార్థులు ఈ రెండింటినీ తరచు కలగాపులగం చేస్తుంటారు కనుక ఈ మాట అనవలసి వచ్చింది. పేజ్‌ర్యాంక్ అంటే ఆ నిలిచిన మట్టమే. నేటి గూగుల్ లంకెలనే కాక అనేక ఇతర సూచికలను కూడా లెక్కలోనికి తీసుకుంటుంది గాని, మూలసూత్రం అర్థమయితే చాలా సంగతులు తేటపడతాయి.

విలువ ఉన్నదని తెలిసిన మరుక్షణమే అంగడి వెలిసింది. 2010 పండుగల రోజులలో జె.సి.పెన్నీ అనే అమెరికా దుకాణసంస్థ అనేక వస్తువుల పేర్లకు గూగుల్‌లో మొదటి స్థానాన నిలిచింది. దుస్తులతో గాని, పరుపులతో గాని సంబంధం లేని వేలాది పుటలలో ఆ సంస్థవైపు లంకెలు ఉన్నాయని 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. అవి తమ అనుమతితో పెట్టినవి కావని సంస్థ అన్నది. గూగుల్ మాత్రం దానిని వెనక్కు నెట్టింది. శాస్త్రవేత్తలు ఇందుకు అతీతులని ఎవరూ అనుకోనక్కరలేదు. 2013లో నాలుగు బ్రెజిల్ పత్రికలు ఒకదానినొకటి పథకం ప్రకారం ఉదహరించుకున్నందుకు ఆ ఏడాది వాటి ప్రభావ సూచికలను నిలిపివేశారు. నీ వీపు నేను గోకుతాను, నా వీపు నీవు గోకు అన్న బాపతు.

దీనికి విరుగుడు చాలా ముందే కనిపెట్టినవారిలో మన దేశం నుండి వెళ్ళిన కృష్ణ భరత్ ఒకరు. జార్జ్ మిహాయిలాతో కలిసి ఆయన రూపొందించిన హిల్‌టాప్ అనే పద్ధతిలో ఒక విషయంపై నిష్ణాతమైన పుటలు ఇచ్చే లంకెలకే విలువ. అవి కూడా పరస్పర సంబంధం లేనివి కావాలి. నలుగురు సాక్షులూ ఒకే ఇంటివారయితే అది ఒక్క సాక్ష్యమే. 2005లో 'ఈ లంకెకు నా పూచీ లేదు' అని తెలిపే నోఫాలో గుర్తు వచ్చింది. వికీపీడియా 2007 నుండి బయటి లంకెలకు ఆ గుర్తు పెడుతున్నది కనుక, అక్కడ మన చిరునామా చొప్పించి వచ్చినంత మాత్రాన స్థానం పెరుగుతుందని ఆశించరాదు. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే మార్పుతో గూగుల్ కృత్రిమ లంకెలున్న సైట్లను వెనక్కు పంపసాగింది. 2016 నుండి అటువంటి లంకెలను చాలావరకు లెక్కలోనికే తీసుకోవడం లేదు.

ఎర్రసముద్రపు ఒడ్డున జిజాన్‌లో ఉన్న మనకు ఇదంతా ఎందుకని అడగవచ్చును. జగిత్యాలలోనో కడపలోనో ఒక యువకుడు 'సౌదీలో డ్రైవరు ఉద్యోగం' అని వెదుకుతాడు. అతనికి మొదట కనిపించవలసినది భారత విదేశాంగశాఖ వారి ఈమైగ్రేట్; తనను పిలుస్తున్న ఏజెంటుకు అనుమతి ఉన్నదో లేదో అక్కడ చూసుకొనవచ్చును. దానికి బదులు లంకెలు కొనుక్కున్న అనామక ఏజెంటు పుట పైన ఉంటే, ఆ తేడా ఖరీదు ఒక కుటుంబం చేసిన అప్పు. ఇక్కడకు వచ్చిన తరువాత చిక్కులలో పడినవారికి 2015లో మొదలైన మదద్ ఫిర్యాదుల పుట ఉన్నది, జెద్దా కాన్సులేటు ఉన్నది. మన సంఘం వంటివి వీటికి తెలుగు మాటలతో లంకె ఇవ్వడం కూడా సాక్ష్యమే. మనకు వచ్చే లంకెల గురించి ఎంత ఆలోచిస్తామో, మనం ఎవరికి ఇస్తున్నామన్నది అంతగానూ ఆలోచించాలి.

మాటల సంగతి అన్నాను కనుక ఇంకొక విశేషం. లంకె మీద ఉన్న పదాలను కూడా సెర్చ్ ఇంజిన్ అది చూపే పుటకు జమకడుతుందని 1998 వ్యాసంలోనే ఉన్నది. మన ఊరిపేరు అరబ్బీలోనే జాజాన్ అనీ, జీజాన్ అనీ రెండు విధాలు. ఆంగ్లంలో మరికొన్ని, విమానాశ్రయపు సంకేతమేమో జి.ఐ.జెడ్. 'ఇక్కడ నొక్కండి' అనే లంకె ఏమీ చెప్పదు. 'జిజాన్ తెలుగువారికి పాస్‌పోర్టు సమాచారం' అనేది అన్నీ చెబుతుంది. ఒకప్పుడు తెలుగు సైట్లకు ఈ లాభం కూడా దక్కలేదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, చాలా పత్రికలు ఏళ్ళ తరబడి సొంత ఫాంట్లలో ప్రచురించాయి. తెరపై తెలుగు కనిపించేది, యంత్రానికి మాత్రం అర్థంలేని అక్షరాల గుంపు అందేది.

మరి మంచి లంకెలు ఎలా వస్తాయి? అడిగి తెచ్చుకొనడం తప్పు కాదు. కాని అడగడానికి మన దగ్గర సరుకు ఉండాలి. సుమారు 700 కిలోమీటర్ల దూరంలోని జెద్దాకు కాన్సులేటు పనిమీద వెళ్ళేవారు ఏయే కాగితాలు పట్టుకెళ్ళాలో అనుభవంతో రాసిన పుట హైదరాబాదులో కూర్చున్నవారు రాయలేరు. ఫరసాన్ దీవులను 2021లో యునెస్కో జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది. ఇక్కడి కొండలలోని ఖౌలానీ కాఫీ సాగు 2022లో వారి సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కింది. వీటిని కళ్ళారా చూసి, సొంత ఛాయాచిత్రాలతో తెలుగులో రాస్తే పత్రికలవారు, యాత్రికులు, ఉపాధ్యాయులు తమ అవసరం కొద్దీ లంకె ఇస్తారు. అటువంటివి ఏడాదికి అయిదు వచ్చినా మేలే.

చివరగా, మన వంటి సంఘాలకు ప్రత్యేకమైన ఒక ప్రమాదం. కార్యవర్గాలు మారుతాయి, వెబ్‌సైటు చూసే సభ్యుడు ఫైనల్ ఎగ్జిట్ మీద స్వదేశానికి వెళ్ళిపోతాడు, డొమైన్ పేరు రుసుము ఎవరూ కట్టరు. అలా గడువు తీరిన పేర్లను, వాటికి ఏళ్ళ తరబడి వచ్చిన లంకెల కోసమే కొనే వ్యాపారులు ఉన్నారు. 2024 మార్చిలో గూగుల్ ఈ దురాచారాన్ని తన నిషేధాల జాబితాలో పేరుపెట్టి చేర్చింది. అయినా ఆ పాత లంకెను నమ్మి వచ్చే పాఠకుడు మన పేరు మీదనే వీసా ఏజెంటు ప్రకటన చూసే అవకాశం పోలేదు. కనుక డొమైన్ నమోదు వ్యక్తి ఈమెయిలుతో కాక సంఘం ఈమెయిలుతో ఉండాలి, రుసుము కొన్నేళ్ళకు ముందుగానే చెల్లించాలి, గడువు తేదీ కార్యదర్శులు చేతులు మార్చుకునే దస్త్రంలో మొదటి పుటలో ఉండాలి.