సెల్లార్ తలుపు కింద ఇటుక

సూరత్ నగరానికి దక్షిణంగా, నవసారి వెళ్లే దారిలో సచిన్ ఉంది. పెద్ద పారిశ్రామికవాడ, దాని చుట్టూ కార్మికుల కాలనీలు, వాటి మధ్య ఈమధ్య కాలంలో లేచిన అపార్ట్‌మెంట్లు. మగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి సూరత్ చేరిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మా బాబాయి వాళ్లూ అలా వెళ్లినవాళ్లే. పోయిన వేసవిలో వాళ్లింటికి వెళ్లినప్పుడు సెల్లార్‌లో నా కళ్లు మొదట ఒక ఇటుక మీద పడ్డాయి. పార్కింగ్ నుంచి మెట్లలోకి వెళ్లే బరువైన ఇనుప తలుపు మూసుకుపోకుండా కింద అడ్డం పెట్టారు. తలుపు మీద ‘ఎల్లప్పుడూ మూసి ఉంచండి’ అని హిందీలో, గుజరాతీలో రాసి ఉంది.

‘‘రెండు చేతుల్లో కూరగాయల సంచులుంటే ఆ తలుపు ఎవరు తోస్తార్రా?’’ అన్నాడు బాబాయి. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఆ తలుపు అక్కడ ఎందుకుందో తెలియాలి.

కట్టెల పొయ్యికి పొగగొట్టం ఎందుకు పెడతాం? వేడెక్కిన గాలి వ్యాకోచించి తేలికవుతుంది, పైకి పోతుంది. గొట్టం ఎంత పొడవుంటే అంత బాగా లాగుతుంది. అపార్ట్‌మెంట్ మెట్ల గది కూడా నిలువుగా ఉన్న పొడవాటి గొట్టమే. దాని అడుగున పార్కింగ్ ఉంది. పార్కింగ్‌లో పెట్రోలు, ప్లాస్టిక్ భాగాలు, టైర్లు, ఇప్పుడు బ్యాటరీలు కూడా ఉంటున్నాయి. మధ్యలో తలుపు తెరిచి ఉంటే ఆ భవనం తన కింద తానే పొయ్యి కట్టుకున్నట్టు.

కొద్దిగా లెక్క వేద్దాం. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.16 కిలోలు. 130 డిగ్రీలకు వేడెక్కితే అదే పరిమాణం గాలి 0.88 కిలోలే తూగుతుంది. ఐదంతస్తుల భవనంలో మెట్ల గది ఎత్తు 15 మీటర్లు అనుకుంటే, లోపలి వేడి గాలికీ బయటి గాలికీ మధ్య ఏర్పడే పీడన తేడా సుమారు 40 పాస్కల్లు. వినడానికి చిన్న సంఖ్యే. కానీ కింద సెల్లార్ తలుపు తెరిచి ఉండి, పైన టెర్రస్ తలుపుకు తాళం వేసి ఉందనుకోండి (మన దగ్గర చాలా చోట్ల జరిగేది ఇదే), ఆ తేడా దాదాపు మొత్తం పై అంతస్తు ఇళ్ల తలుపుల మీద పడుతుంది. రెండు చదరపు మీటర్ల తలుపు మీద అది ఎనిమిది కిలోల బరువుతో నెట్టినంత. తలుపు కింద వేలెడు సందు చాలు, పొగ ధారగా ఇంట్లోకి దూరుతుంది. మంట కిందే ఉంటుంది, ఊపిరాడనిది మాత్రం పైవాళ్లకు.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో రూబీ హోటల్ ఉన్న భవనంలో మంటలు మొదలైంది పైన గదుల్లో కాదు, అడుగున ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో. మంటల కంటే ముందు పొగ మెట్లదారి పట్టుకుని పైకి వెళ్లింది. 8 మంది చనిపోయారు. మరుసటి సంవత్సరం నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో నివాస భవనం నేల అంతస్తులో నిల్వ ఉంచిన రసాయన డ్రమ్ములు అంటుకున్నాయి. కనీసం 9 మంది చనిపోయారు, వాళ్లంతా పై అంతస్తుల్లో ఉన్నవాళ్లే. సూరత్‌కైతే ఇంకా పాత గాయం ఉంది. 2019 మే 24న సర్థాణా ప్రాంతంలోని తక్షశిల ఆర్కేడ్‌లో కింద మొదలైన మంట పైకి పాకింది. పై అంతస్తు కోచింగ్ సెంటర్‌కు వెళ్లే చెక్క మెట్లు కాలిపోయాయి. దిగే దారి లేక పిల్లలు కిటికీల్లోంచి దూకారు. 22 మంది విద్యార్థులు చనిపోయారు. మూడు చోట్లా మంటకు కారణాలు వేరు, భవనాలు వేరు. పొగ ఎక్కిన దారి మాత్రం ఒకటే.

నేషనల్ బిల్డింగ్ కోడ్ ఈ ప్రమాదాన్ని ఎప్పుడో గుర్తించింది. సెల్లార్ మెట్లు గోడలతో మూసి ఉండాలి, రెండు గంటలపాటు మంటను తట్టుకోవాలి, సెల్లార్‌లో పొగ పుట్టినా పై అంతస్తుల వాళ్లు బయటపడే దారికి అడ్డం రాకూడదు అంటుంది. అసలైతే సెల్లార్ మెట్లు నేరుగా ఆరుబయట తేలాలి, పైకి వెళ్లే మెట్లతో కలవకూడదు. ఇప్పటికే కట్టేసిన వేలాది భవనాల్లో రెండూ ఒకే మెట్లు. అక్కడ మిగిలిన ఒకే ఒక్క అడ్డు ఆ తలుపు.

ఆ తలుపును మూసేది పైన బిగించిన చిన్న పెట్టె, డోర్ క్లోజర్. మనం తలుపు తెరిచినప్పుడు అందులోని స్ప్రింగ్ నొక్కుకుంటుంది. వదిలేసినప్పుడు స్ప్రింగ్ విచ్చుకుంటుంది కానీ, దాని ముందు నూనెలో కదిలే పిస్టన్ ఉంటుంది కాబట్టి తలుపు ధడాలున పడదు. నూనె వెళ్లే సన్నని దారుల్ని రెండు మరలు నియంత్రిస్తాయి. ఒకటి తలుపు తిరిగే వేగానికి, రెండోది చివరి అంగుళాల్లో గడియ పడే వేగానికి. సచిన్ లాంటి చోట మే నెల ఎండలకు నూనె పలచబడుతుంది, తలుపు దబ్బుమని కొట్టుకుంటుంది. విసుగెత్తి ఎవరో మరను బాగా బిగిస్తారు. చలికాలం వచ్చేసరికి అదే తలుపు సగంలో ఆగిపోతుంది. రెండు వేళ్ల సందుతో నిలబడిపోయిన తలుపు చూడ్డానికి మూసి ఉన్నట్టే ఉంటుంది, పొగకు మాత్రం తెరిచి ఉన్నట్టే లెక్క. పెట్టె కింద నూనె మరక కనిపిస్తే సీలు పోయిందని అర్థం. దాన్ని మార్చడమే తప్ప మళ్లీ నూనె నింపి వాడేది కాదు.

ఆ తలుపు అంచున గాడిలో ఒక సన్నని పట్టీ కూడా ఉంటుంది, గమనించారా? వేడికి ఉబ్బే పదార్థంతో చేసినది. దాదాపు 200 డిగ్రీల దగ్గర ఎన్నో రెట్లు ఉబ్బి సందును పూడ్చేస్తుంది. అయితే పొగ అంత వేడెక్కకముందే సందులోంచి జారిపోగలదు. అందుకే పక్కనే రబ్బరు లేదా కుచ్చు సీలు కావాలి. బాబాయి వాళ్ల తలుపుకు ఆ పట్టీ సగం ఊడి వేలాడుతోంది, మిగతా సగం మీద రంగు వేశారు.

సంచుల సమస్యకు ఇటుక కాని పరిష్కారం ఉంది. గోడకు విద్యుదయస్కాంతం బిగించి, తలుపుకు ఇనుప పలక పెడతారు. కరెంటు ప్రవహిస్తున్నంతసేపు తలుపు తెరిచే ఉంటుంది. పొగ డిటెక్టర్ పసిగట్టగానే కరెంటు ఆగుతుంది, అయస్కాంతం వదిలేస్తుంది, క్లోజర్ తలుపు మూసేస్తుంది. కరెంటు పోయినా, తీగ తెగినా కూడా తలుపు మూసుకుంటుంది. ఏ భాగం చెడిపోయినా భద్రమైన వైపే ఒరిగేలా చేసిన ఏర్పాటు ఇది. ఆస్పత్రుల్లో, పెద్ద హోటళ్లలో మామూలే. అపార్ట్‌మెంట్లలో నాకు చాలా అరుదుగా కనిపించింది.

తలుపు తన పని చేసినా, మనుషులు చీకట్లో దిగి రావాలి. ఇక్కడ న్యూయార్క్ కథ ఒకటి చెప్పాలి. 1993 ఫిబ్రవరి 26న వరల్డ్ ట్రేడ్ సెంటర్ భూగర్భ పార్కింగ్‌లో బాంబు పేలింది. 6గురు చనిపోయారు. వెయ్యి మందికి పైగా గాయపడితే, వాళ్లలో ఎక్కువమందికి హాని చేసింది మెట్ల గదుల గుండా పైకెక్కిన పొగే. కరెంటు పోయింది, అత్యవసర దీపాలూ ఆరిపోయాయి. జనం గంటల తరబడి కటిక చీకట్లో, పొగలో మెట్లు దిగారు. ఆ తర్వాత బ్యాటరీ దీపాలు పెట్టారు, మెట్ల అంచులకూ చేతికమ్మీలకూ చీకట్లో మెరిసే రంగు వేశారు. 2001 సెప్టెంబర్ 11న ప్రాణాలతో దిగివచ్చిన చాలామందికి ఆ గీతలు దారి చూపాయి.

ఆ మెరుపు వెనుక ఉన్నది ఫాస్ఫారెసెన్స్. ఇప్పటి సూచికల్లో ఎక్కువగా వాడేది యూరోపియం, డిస్ప్రోసియం కలిపిన స్ట్రాన్షియం అల్యూమినేట్. 1990ల్లో జపాన్‌లో రూపొందింది. వెలుతురు పడినప్పుడు ఇందులోని ఎలక్ట్రాన్లు శక్తి పుంజుకుని స్ఫటికంలోని లోపాల్లో చిక్కుకుంటాయి. గది ఉష్ణోగ్రత ఇచ్చే చిన్న చిన్న కుదుపులకు ఒక్కొక్కటిగా బయటపడుతూ ఆకుపచ్చ కాంతిని విడుస్తాయి, గంటల తరబడి. ఆకుపచ్చ కావడం కలిసొచ్చింది. చీకటికి అలవాటుపడిన మన కన్ను అన్నిటికంటే బాగా గుర్తించేది నీలి ఆకుపచ్చ వైపు వెలుగునే. ఎరుపు రంగు అప్పుడు దాదాపు నల్లగా కనిపిస్తుంది.

అయితే ఒక చిక్కుంది. ఎలక్ట్రాన్లు చిక్కుకోవాలంటే ముందు వెలుతురు పడాలి. కరెంటు ఆదా కోసం ఇప్పుడు సెల్లార్లలో మనిషి కదిలితేనే వెలిగే సెన్సర్ దీపాలు పెడుతున్నారు. మంచి పనే. కానీ అర్ధరాత్రి మూడు గంటలపాటు ఎవరూ రాని సెల్లార్‌లో ఆ సూచిక బోర్డు చీకట్లోనే ఉంటుంది, తనలో ఉన్నదంతా ఖర్చు చేసుకుంటుంది. అవసరం పడే వేళకు ఖాళీ. కాబట్టి ప్రతి సూచిక దగ్గరా ఒక చిన్న దీపం ఎప్పుడూ వెలుగుతుండాలి. ఇంకో సంగతి: పొగ ముందు చేరేది పైకప్పు కిందికే. పైన వేలాడే ‘ఎగ్జిట్’ బోర్డులు మొదట మాయమవుతాయి. మోకాలి ఎత్తులో, మెట్ల అంచున వేసిన గీతలే చివరిదాకా కనిపిస్తాయి.

బ్యాటరీ దీపాల దగ్గరా ఇలాంటి మోసమే ఉంది. వాటికి ఒక మీట ఉంటుంది, నొక్కితే దీపం వెలుగుతుంది. వాచ్‌మన్ నొక్కుతాడు, వెలిగింది, రిజిస్టర్‌లో టిక్ పెడతాడు. ముసలి బ్యాటరీ కూడా ఐదు సెకన్లు దీపం వెలిగించగలదు. తెలియాల్సింది అరగంట తర్వాత పరిస్థితి ఏమిటన్నది. ఆ దీపాల మెయిన్ ఆపేసి, గడియారం పెట్టి కూర్చోవడమే అసలు పరీక్ష. వేడి బ్యాటరీకి శత్రువు. లెడ్ యాసిడ్ బ్యాటరీ 25 డిగ్రీలు దాటాక ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఇంజినీర్ల మోటు లెక్క. పైకప్పుకు ఆనించి పెట్టిన డబ్బాలో, పశ్చిమ ఎండ తగిలే గోడమీద ఐదేళ్ల హామీ ఎంతకాలం నిలుస్తుందో ఊహించుకోవచ్చు.

స్ప్రింక్లర్ల మీద సినిమాలు మనకు తప్పు నేర్పాయి. ఒకచోట పొగ రాగానే అన్నీ ఒకేసారి కురవవు. ప్రతి తలకాయలో ద్రవం నింపిన సన్నని గాజు గొట్టం నీటికి అడ్డుగా నిలబడి ఉంటుంది. ఎర్ర ద్రవమైతే 68 డిగ్రీల వద్ద ద్రవం వ్యాకోచించి గాజు పగులుతుంది, ఆ ఒక్కటే తెరుచుకుంటుంది. దీపావళికి పైకప్పుకు సున్నం వేస్తూ పెయింటర్ ఆ గాజు మీద కూడా ఒక బ్రష్షు లాగాడనుకోండి. రంగు పొర వేడిని ఆలస్యం చేస్తుంది, గాజు పగిలినా మూతను అంటిపెట్టుకుని ఉండొచ్చు. గీకి శుభ్రం చేయడం కూడా తప్పే, మార్చేయాలి. సచిన్‌లో మేం లెక్కపెట్టిన పద్నాలుగింటిలో నాలుగు తెల్లగా ఉన్నాయి.

కార్బన్ డయాక్సైడ్ ఆర్పే సిలిండర్‌కు పీడనం చూపే మీటరు ఉండదు. లోపల ద్రవం ఉన్నంతసేపు పీడనం మారదు కాబట్టి మీటరు పెట్టినా లాభం లేదు. తూకమే దారి. నింపిన గ్యాసులో పది శాతం కంటే తగ్గితే మళ్లీ నింపించాలి. పొడి రకానికి మీటరు ఉంటుంది, కానీ అది లోపల పొడి గడ్డకట్టిందో లేదో చెప్పదు.

వాహనాల కోసం పెట్టేవాటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మలుపులోని కుంభాకార అద్దం ఎదురుగా వచ్చే బండిని చిన్నదిగా చూపిస్తుంది, కాబట్టి ఉన్నదానికంటే దూరంగా ఉందనిపిస్తుంది. అద్దంలో బండి కనిపిస్తే ఆగడమే, అంచనాలు వద్దు. స్తంభాలకు చుట్టే పసుపు నలుపు రబ్బరు గార్డుల విషయంలో మాత్రం ఒక మాట. భవనం స్తంభాలు ప్లాస్టరింగ్, అలమారాలు, టైల్స్ చాటు లేకుండా కనిపించే చోటు పార్కింగే. తేమ చేరి లోపలి కమ్మీ తుప్పు పడితే, తుప్పు ఇనుము కంటే రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది, కాంక్రీటును లోపల్నుంచి చీలుస్తుంది. కమ్మీ వెంట నిలువుగా సాగే పగులు దాని గుర్తు. గార్డు సరిగ్గా ఆ పగులునే కప్పేస్తుంది, వెనకాల తడినీ పట్టి ఉంచుతుంది. 2024 జులై 6న ఇదే సచిన్ ప్రాంతంలోని పాలీ గ్రామంలో ఒక నివాస భవనం కూలి 7గురు చనిపోయారు. దానికి పదేళ్లు కూడా నిండలేదు. అక్కడ కారణం గార్డులని కాదు. భవనం వయసు చూసి ధీమా పడే వీలు లేదనే చెబుతున్నాను. ఏడాదికోసారి, వానలు తగ్గాక, గార్డులు విప్పి చూడటానికి ఒక పూట పడుతుంది.

ఎలక్ట్రిక్ బండ్లు వచ్చాక ఇంకో మార్పు కావాలి. లిథియం అయాన్ బ్యాటరీలో ఒక సెల్ అదుపు తప్పి వేడెక్కితే పక్కదాన్ని వేడెక్కిస్తుంది. అది చూస్తుండగానే గొలుసుకట్టుగా పాకుతుంది, పొడి చల్లినా లోపలి వేడి తగ్గదు, నీటితో చాలాసేపు చల్లబరచాలి. అందువల్ల చార్జింగ్ పాయింటు మెట్ల తలుపుకు వీలైనంత దూరంగా, గాలి ఆడే వైపు ఉండాలి. ప్లగ్గు దగ్గరని, వాచ్‌మన్ కళ్లముందుంటుందని చాలాచోట్ల సరిగ్గా మెట్ల పక్కనే పెడుతున్నారు.

బాబాయి వాళ్ల సొసైటీ కార్యదర్శి ఓపికగా విన్నాడు. ఆ ఆదివారం సాయంత్రం అత్యవసర దీపాల మెయిన్ ఆపి అందరం మెట్ల మీద కూర్చున్నాం. ఆరు దీపాల్లో రెండు పది నిమిషాలకే ఆరిపోయాయి, ఒకటి అసలు వెలగలేదు. పిల్లలకు సరదాగా ఉంది. మర్నాడు క్లోజర్ మార్చారు, అయస్కాంతానికి ధర అడిగారు. మొన్న ఫోన్‌లో బాబాయిని అడిగితే, అది ఇంకా రాలేదన్నాడు. ఇటుక మాత్రం తీసేశారట. ఇప్పుడు సంచులు వాచ్‌మన్ దగ్గర పెట్టి, రెండు విడతలుగా పైకి మోస్తున్నారట.