విషం లేని పామే కదా అనుకుంటే సరిపోతుందా?

గత నెల బి.పి. చూపించుకోవడానికి మా ఓ.పి.కి వచ్చిన ముక్త్యాల పెద్దావిడ ఒకరు, మందుల చీటీ తీసుకున్నాక కూడా కుర్చీలోంచి లేవలేదు. "సిస్టరమ్మా, మా అమ్మాయికి అమెరికాలో రెండో కాన్పు. సాయానికి నేను వెళ్తున్నాను. పెద్ద మనవడు ఇంట్లో పామును పెంచుతున్నాడంట. దానికి విషం లేదు, ఏం కాదంటున్నారు. పసిగుడ్డు ఉండే ఇంట్లో పాము ఉండొచ్చా అమ్మా?" అని అడిగారు.

అదే వారం ఒక తండ్రి సెల్‌ఫోన్‌లో ఫోటో చూపించారు. తొమ్మిదో తరగతి చదివే ఆయన కొడుకు మిరప చేలో దొరికిన "కొండచిలువ పిల్ల"ను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూడు రోజులుగా మంచం కింద దాచాడట. ఫోటో చూడగానే మాకు గుండె ఝల్లుమంది. అది రక్తపింజరి పిల్ల! డబ్బా ముట్టుకోవద్దని చెప్పి అటవీ శాఖ వారికి ఫోన్ చేయించాము. వారు వచ్చి తీసుకువెళ్ళారు. పిల్లవాడికి కాటు పడలేదు.

రెండు ఇళ్ళలోనూ విన్న మాట ఒక్కటే: "విషం లేదు." ఆ మాటను నమ్ముకునే ముందు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

విషం లేని పాము వల్ల వచ్చే జబ్బు

అమెరికాలో పిల్లలు ఎక్కువగా పెంచేవి బాల్ పైథాన్, కార్న్ స్నేక్ అనే రకాలు. వీటికి విషం లేని మాట నిజమే. కాని పాములు, బల్లులు, తాబేళ్ళ పేగుల్లో సాల్మొనెల్లా అనే సూక్ష్మక్రిమి ఉంటుంది. పాము ఆరోగ్యంగా, శుభ్రంగా కనిపిస్తూనే తన మలంలో ఈ క్రిమిని వదులుతుంది. అది పాము చర్మానికి, పెట్టెకు, నీళ్ళ గిన్నెకు, అక్కడినుంచి మన చేతులకు అంటుతుంది. మేతగా వేసే ఎలుకల్లో కూడా ఈ క్రిమి ఉండవచ్చు. ఫ్రీజర్‌లో పెట్టినంత మాత్రాన అది చావదు.

క్రిమి కడుపులోకి వెళ్ళిన 6 గంటల నుంచి 6 రోజుల లోపు విరేచనాలు, జ్వరం, కడుపులో మెలిపెట్టే నొప్పి మొదలవుతాయి. పెద్దవారికి సాధారణంగా 4 నుంచి 7 రోజుల్లో తగ్గిపోతుంది. నెలల బిడ్డకు మాత్రం రక్తంలోకి, మెదడు పొరలకు పాకి ప్రాణం మీదికి తేగలదు. ఇందుకు బిడ్డ పామును తాకనక్కరలేదు. పామును పట్టుకున్న అన్నయ్య చేతులు కడుక్కోకుండా చెల్లిని ఎత్తుకుంటే చాలు.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. చిన్న తాబేళ్ళ వల్ల పిల్లలకు ఈ జబ్బు వస్తోందని, 4 అంగుళాల కన్నా చిన్న తాబేళ్ళ అమ్మకాన్ని అమెరికా ప్రభుత్వం 1975లోనే నిషేధించింది.

పెద్దావిడకు మేము చెప్పినవి

1. 5 ఏళ్ళలోపు పిల్లలు, 65 దాటినవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు పామును గాని దాని పెట్టెను గాని తాకకూడదు. ఆవిడకు 67 ఏళ్ళు, పైగా షుగరు. కాబట్టి ఈ మాట బిడ్డకే కాదు, ఆవిడకూ వర్తిస్తుంది.

2. బిడ్డ కాస్త పెద్దయ్యే వరకు పామును వేరే వారి ఇంట్లో ఉంచడం అన్నిటికన్నా మంచిది.

3. అది కుదరకపోతే తలుపు వేసి ఉండే గదిలో, తాళం వేసిన పెట్టెలో ఉంచాలి. వంటగదిలోకి, బిడ్డ పడుకునే గదిలోకి తేకూడదు.

4. పెట్టెను, గిన్నెలను వంటింటి సింకులో కడగకూడదు. పాలసీసాలు కడిగే చోటికి అవి రానే కూడదు.

5. పామును ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగాలి. బట్టలు మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి. పామును ముద్దు పెట్టుకోకూడదు.

6. బిడ్డకు జ్వరం గాని విరేచనాలు గాని వస్తే, ఇంట్లో పాము ఉందని డాక్టరుకు ముందే చెప్పాలి.

7. విషం లేని పాము కరిచినా గాయాన్ని సబ్బు నీళ్ళతో కడిగి, టి.టి. ఇంజెక్షన్ గురించి డాక్టరును అడగాలి.

మన ఊళ్ళో మాటేమిటి?

మన దగ్గర పెద్ద ప్రమాదం పామును పోల్చుకోవడంలో జరిగే పొరపాటు. రక్తపింజరి పిల్లను కొండచిలువ పిల్ల అనుకుంటారు. కట్లపామును విషం లేని చారల పాము అనుకుంటారు. రక్తపింజరి గుడ్లు పెట్టదు, పిల్లలను కంటుంది. తరచుగా ఒక్కో ఈతలో 20 నుంచి 40 పిల్లలు పుడతాయి. పుట్టిన రోజు నుంచే వాటికి కోరలూ ఉంటాయి, విషమూ ఉంటుంది. పాములవాళ్ళు కోరలు పీకేసిన నాగుపామును కూడా నమ్మరాదు. కోరలు మళ్ళీ వస్తాయి.

పైగా జెర్రిపోతుతో సహా మన దేశపు పాములను ఇంట్లో పెంచడానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. "రెండు తలల పాము" ఇంట్లో ఉంటే కోట్లు వస్తాయని చెప్పేవారి మాట వినకండి. దానికీ తల ఒక్కటే. తోక మొద్దుగా ఉండి తలలా కనిపిస్తుంది, అంతే. దాన్ని అమ్మబోయి అరెస్టయినవారు తెలుగు రాష్ట్రాల్లో ఎందరో ఉన్నారు.

కాటు పడితే

తాడు కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు, పసరు మందుల కోసం తిరగవద్దు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేయండి. ఎముక విరిగినప్పుడు కట్టినట్లు ఆ కాలు లేదా చేయి కదలకుండా బద్ద కట్టి, 108కి ఫోన్ చేయండి. పామును పట్టి తేనవసరం లేదు. కాటు పడిన సమయం గుర్తుంచుకుంటే చాలు.

ఆసుపత్రిలో మేము 2 మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో వేసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచుతాము. గొట్టాన్ని వంచినప్పుడు రక్తం గడ్డకట్టక నీళ్ళలా జారితే, రక్తపింజరి వంటి పాము విషం ఎక్కినట్లే. విషం ఎక్కిన గుర్తులు కనబడితే విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఇస్తారు. మన దేశంలో దొరికే ఆ మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అనే నాలుగింటికి పనిచేస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. కాటు పడినా నొప్పి లేదని ఇంట్లో ఉండిపోవద్దు. కట్లపాము కాటుకు నొప్పి, వాపు దాదాపు ఉండవు. తర్వాత రెప్పలు వాలిపోయి ఊపిరి ఆగుతుంది.

పెద్దావిడ పై ఏడు మాటలూ కాగితం మీద రాయించుకుని వెళ్ళారు. నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేసి, బిడ్డకు ఏడాది నిండేదాకా పామును మనవడి స్నేహితుడి ఇంట్లో ఉంచడానికి ఒప్పుకున్నారని చెప్పారు. మనవడు కాస్త అలిగాడట. అలక తీర్చడం అమ్మమ్మకు తెలిసిన పనే!