దీపం వేడికి పాడిన రేడియో

పైకప్పు నుంచి వేలాడుతున్న కిరసనాయిలు దీపం. చిమ్నీ పైన చుట్టూరా నిలువు రెక్కలున్న లోహపు తొడుగు. దాని నుంచి కిందికి దిగిన తీగలు, తీగల చివర రేడియో. 1950ల నాటి సోవియట్ పల్లెల్లో వాడిన టీజీకే-3 అనే పరికరం బొమ్మ ఇది. కరెంటు స్తంభం లేదు, బ్యాటరీ లేదు, చేత్తో తిప్పే పిడి లేదు. దీపం వెలిగితే రేడియో పలుకుతుంది.

ఈ బొమ్మ పదో తరగతి పిల్లలకు చూపిస్తే వాళ్ల మొదటి ఊహ సోలార్ ప్లేటు మీదకే పోయింది. వెలుగు నుంచి కాదు, వేడి నుంచి కరెంటు తీస్తుందని చెప్పాను. వెంటనే వెనక బెంచీ అమ్మాయి లేచింది: “అయితే దీపం ఎందుకు సార్? రోహిణి కార్తె ఎండలో పెడితే సరిపోదా?”

సరిపోదు. 44 డిగ్రీల ఎండలో తొడుగు లోపలా బయటా 44 డిగ్రీలే ఉంటే దాని నుంచి ఒక్క మిల్లీవోల్టు కూడా రాదు. ఈ యంత్రం బతికేది వేడి మీద కాదు, వేడికీ చలికీ మధ్య ఉన్న తేడా మీద. మంటను అందరూ చూస్తారు. నాకు మాత్రం ఈ దీపంలో ముచ్చటగొలిపేవి ఆ రెక్కలే. వాటి పనల్లా రెండో వైపును చల్లగా ఉంచడమే.

రెండు వేర్వేరు లోహాల తీగలు తీసుకుని రెండు కొసల్లోనూ కలిపి, ఒక కలయికను వేడి చేసి రెండోదాన్ని చల్లగా ఉంచితే ఆ చుట్టులో కరెంటు పారుతుంది. 1821లో థామస్ సీబెక్ పట్టుకున్నది దీన్నే. ఆయన టాలిన్‌లో పుట్టిన జర్మన్, కవి గేథే రంగుల సిద్ధాంతం మీద పనిచేస్తున్నప్పుడు అతనికి సాయపడినవాడు. బిస్మత్, రాగి కలిపిన చుట్టు మధ్య దిక్సూచి ముల్లు పెట్టాడు. ఒక కలయికకు చేతి వెచ్చదనం తగిలినా చాలు, ముల్లు కదిలేది.

ముల్లు కదిలింది కాబట్టి వేడి నుంచి అయస్కాంతత్వం పుడుతోందని సీబెక్ తీర్మానించాడు. భూమి అయస్కాంతం కావడానికీ కారణం ఇదేనన్నాడు: ధ్రువాల చలి, భూమధ్యరేఖ వేడి. అంతకు ముందు ఏడాదే, కరెంటు పారే తీగ పక్కన ముల్లు తిరుగుతుందని డెన్మార్క్‌లో అయిర్‌స్టెడ్ చూపించి ఉన్నాడు. ఇక్కడ కూడా పారేది కరెంటే, ముల్లును తిప్పేది ఆ కరెంటే అని అయిర్‌స్టెడ్ వాదించాడు. సీబెక్ ఒప్పుకోలేదు. అయిర్‌స్టెడ్‌దే సరైన వివరణ. అయినా నా మొగ్గు సీబెక్ వైపే. ఎందుకంటే పంతం పట్టినవాడు పని ఆపలేదు. లోహాలూ, మిశ్రమాలూ, ఖనిజాలూ దొరికినవన్నీ జతకట్టి పరీక్షించి, ఏది ఏ మేరకు ముల్లును తిప్పుతుందో వరుస రాసిపెట్టాడు. ఈనాడు మనం అర్ధవాహకాలనే పదార్థాలు కొన్ని ఆ వరుసలో ఉన్నాయి. వాటిలో సరైన జతను ఎంచుకుని యంత్రం కట్టి ఉంటే ఆనాటి ఆవిరి యంత్రాలతో పోటీపడేదని చాలాకాలం తర్వాత లెక్కగట్టారు. ఆయన దృష్టి అయస్కాంతం దగ్గరే ఆగిపోయింది.

ఆ చుట్టును నిజంగా పనిలో పెట్టుకున్నవాడు ఓమ్. మన పాఠాల్లోని ఓమ్ నియమం వెనక ఉన్నది బ్యాటరీ కాదు, బిస్మత్–రాగి జంట. ఆనాటి బ్యాటరీల వోల్టేజి నిలకడగా ఉండేది కాదు. అందుకని ఓమ్ ఒక కొసను మరుగుతున్న నీళ్లలో, రెండో కొసను మంచులో ఉంచాడు. నీళ్లు మరిగే వేడి మారదు, మంచు కరిగే చలి మారదు, కాబట్టి వోల్టేజి కూడా మారదు. మరిగే నీళ్ల సంగతి గుర్తుంచుకోండి, ఇంకో చోట అవసరం పడుతుంది.

జంట నుంచి వచ్చేది ఎంత? రాగి, కాన్‌స్టంటన్ (రాగి–నికెల్ మిశ్రమం) జత కడితే ఒక్కో డిగ్రీ తేడాకు దాదాపు 40 మైక్రోవోల్టులు. తేడా 250 డిగ్రీలుంటే 10 మిల్లీవోల్టులు. పాత వాల్వు రేడియోలో ఫిలమెంటు వెలగడానికి 1.2 వోల్టులు కావాలి. దానికి 120 జంటలు వరుసగా కలపాలి. కరెంటు లాగేటప్పుడు సగం వోల్టేజి జంటల సొంత నిరోధంలోనే పోతుందనుకుంటే 240. ఓపికుంటే అన్నీ అతకవచ్చు. కానీ కథ అక్కడితో తీరదు. ఒక్కో జంటా మంట వైపు నుంచి రెక్కల వైపుకు ఒక వంతెన. కరెంటు పారాల్సిన ఆ వంతెన మీదుగానే వేడి కూడా ఊరికే జారిపోతుంది. వేడి జారిపోతే తేడా తగ్గుతుంది, తేడా తగ్గితే కరెంటు తగ్గుతుంది.

కాబట్టి మనకు కావాల్సిన పదార్థం కరెంటును బాగా పోనివ్వాలి, వేడిని మాత్రం ఆపాలి. లోహాలతో ఇది అయ్యే పని కాదు. లోహంలో కరెంటును మోసేవీ ఎలక్ట్రాన్లే, వేడిని ప్రధానంగా మోసేవీ అవే. ఒకదాన్ని పెంచితే రెండోదీ పెరుగుతుంది. రాగి కంటే మంచి వాహకం తెచ్చినా లాభం లేదు, వేడి కూడా అంతే హుషారుగా పరుగెత్తుతుంది. సీబెక్ తర్వాత వందేళ్లపాటు ఈ యంత్రం ప్రయోగశాల బల్ల మీదే ఎక్కువగా ఉండిపోవడానికి కారణం ఇదే. 1870లలో పారిస్‌లో క్లామా గ్యాసుతో నడిచే పెద్ద ఉష్ణ విద్యుత్తు పొయ్యిలు కట్టి అమ్మాడు కానీ, డైనమో వచ్చి వాటిని పక్కకు నెట్టేసింది.

చిక్కుముడి విప్పింది లెనిన్‌గ్రాడ్‌లో అబ్రాం యోఫె. మ్యూనిక్‌లో రాంట్‌జన్ దగ్గర చదువుకుని వచ్చిన మనిషి. అర్ధవాహకాల్లో ఎలక్ట్రాన్లు తక్కువ కాబట్టి వేడిని ప్రధానంగా మోసేవి అవి కావు, స్ఫటికంలోని పరమాణువుల కంపనాలు. అంటే ఇక్కడ వేడికీ కరెంటుకీ మోసేవాళ్లు వేరువేరు. ఒకరి దారికి అడ్డుపడి, రెండోవారిని వదిలేయవచ్చు. బరువైన పరమాణువులున్న పదార్థం ఎంచుకుంటే కంపనాలు మెల్లగా సాగుతాయి. దాన్ని పోలిన మరో పదార్థం కలిపి స్ఫటికంలో పరమాణువుల వరుసను కొంచెం చెదరగొడితే అవి అడుగడుగునా చెల్లాచెదురవుతాయి. ఎలక్ట్రాన్లకు మాత్రం ఆ చెదురు పెద్దగా ఆనదు. జల్లెడలో నూక నిలిచి పిండి జారినట్టు వేడి ఆగి కరెంటు దిగుతుంది. పైగా అర్ధవాహకాల్లో డిగ్రీకి వచ్చే వోల్టేజి కూడా ఎక్కువ. జింక్, ఆంటిమొనీ కలిసిన పదార్థాన్ని కాన్‌స్టంటన్‌తో జతకడితే 200 మైక్రోవోల్టులు దాటుతుంది. రాగికి 240 జంటలు పట్టిన చోట యాభై లోపే సరిపోతాయి.

దీపం కంటే ముందు వచ్చింది కుండ. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ సేనల వెనక అడవుల్లో దాక్కున్న గెరిల్లాలకు వైర్‌లెస్ సెట్లుండేవి, బ్యాటరీలు చార్జి చేసే దారి లేదు. యోఫె సంస్థలో యూరి మస్లకోవెత్స్ బృందం వాళ్లకోసం ఒక వంట కుండ చేసింది. అడుగున జింక్–ఆంటిమొనీ జంటలు, లోపల నీళ్లు, కింద చలిమంట. రెండు నుంచి నాలుగు వాట్లు వచ్చేది. ఈ పరికరంలో నాకు అన్నిటికంటే నచ్చిన ఎత్తు ఆ నీళ్లే. మంట కింద ఎంత ఎగిసినా, నీళ్లున్నంతసేపు కుండ లోపలి వైపు 100 డిగ్రీలు దాటదు. వచ్చిన వేడంతా ఆవిరి కావడానికే ఖర్చవుతుంది. రెక్కలు అక్కర్లేదు, గాలి అక్కర్లేదు. మంట వైపు 350, 400 డిగ్రీలుంటే తేడా 250 నుంచి 300. మంచు ముక్క దొరకని చోట మరిగే నీళ్లనే చల్లటి వైపుగా వాడుకున్నారు. నీళ్లు ఇంకిపోతే మాత్రం అతుకులు కరిగి కుండ పని అయిపోతుంది కాబట్టి పోస్తూ ఉండాలి. టీ నీళ్లు ఎలాగూ కావాలి.

యుద్ధం అయ్యాక అదే జింక్–ఆంటిమొనీ జంట ఇంట్లోకి వచ్చి దీపం మీద కూర్చుంది. దీపం గంటకు 50 మిల్లీలీటర్ల కిరసనాయిలు తాగుతుందనుకుందాం. ఆ నూనెలో ఉన్న శక్తి దాదాపు 480 వాట్ల హీటరుతో సమానం. అందులో వెలుగుగా మారేది నూటికి ఒక వంతు కూడా కాదు. మిగతాదంతా చిమ్నీ పైనుంచి పోయే వేడి. రేడియోకు కావాల్సింది నాలుగైదు వాట్లు. టీజీకే-3 ఆ వెలుగును ముట్టుకోకుండా, పోయే వేడికి దారిలో అడ్డం నిలబడి తన వాటా తీసుకుంటుంది. రష్యా చలికాలంలో రెక్కల నుంచి వచ్చే వెచ్చదనం కూడా ఇంటికి పనికొచ్చేదే. గది ఎంత చల్లగా ఉంటే రేడియోకు అంత బలం. మన మే నెలలో ఆ దీపం కింద కూర్చుని వార్తలు వినడం మాత్రం శిక్షే.

ఇంకో చిక్కు ఉంది. వాల్వు రేడియోకు ఫిలమెంటుకు 1.2 వోల్టులే కాకుండా ఆనోడ్‌కు 90 వోల్టులు కూడా కావాలి. జంటలు వరుసగా కలిపి 90 వోల్టులు తేవడం దండగ. ట్రాన్స్‌ఫార్మర్‌తో పెంచుదామంటే, ఒకే దిశలో పారే కరెంటు దాని ముందు పనికిరాదు. అందుకని జంటలను రెండు భాగాలు చేశారు. ఒకటి ఫిలమెంటుకు సుమారు 1.2 వోల్టులు ఇస్తుంది. రెండోది సుమారు రెండు వోల్టులతో ఒక వైబ్రేటర్‌ను నడుపుతుంది. వైబ్రేటర్‌లో సన్నటి ఉక్కు రేకు క్షణానికి ఎన్నో సార్లు ఇటూ అటూ కొట్టుకుంటూ కరెంటును తుంచుతుంది. తునకలైన కరెంటును ట్రాన్స్‌ఫార్మర్ పెంచుతుంది, మళ్లీ సరిచేసి ఆనోడ్‌కు పంపుతారు. దీపం ఉన్న గదిలో చెవి పెట్టి వింటే రేకు గుయ్‌మనడం వినిపించి ఉండాలి.

యోఫెకు రాజకీయాలు కలిసిరాలేదు. 1950లో తాను స్థాపించిన సంస్థకే డైరెక్టరుగా ఉండకుండా తప్పించారు. ఆయన అర్ధవాహకాల కోసం వేరే ప్రయోగశాల పెట్టుకుని పని సాగించాడు, 1960లో పోయాడు. దీపం కథ కూడా దాదాపు అప్పుడే ముగిసింది. ట్రాన్సిస్టర్ వచ్చాక రేడియోకు 90 వోల్టులతో పని లేకపోయింది, నాలుగు సెల్లులు చాలు. పల్లెలకు కరెంటు తీగలూ వచ్చాయి. ఉష్ణ విద్యుత్తు మనుషులు వెళ్లలేని చోట్లకు పోయింది. ఆర్కిటిక్ తీరంలో రేడియోధార్మిక స్ట్రాన్షియం వేడితో నడిచే లైట్‌హౌసులు, ఆ తర్వాత వాయేజర్ అంతరిక్ష నౌకలు. 1977లో బయల్దేరిన ఒక్కో వాయేజర్‌లో ప్లుటోనియం వేడి నుంచి మొదట్లో 470 వాట్ల దాకా వచ్చేది. అక్కడ కూడా రెక్కలున్నాయి. శూన్యంలో వేడిని మోసుకెళ్లే గాలి లేదు, కిరణాలుగా చిమ్మాల్సిందే, అందుకే దాని ‘చల్లటి’ వైపు కూడా దాదాపు 300 డిగ్రీలు.

ఇప్పుడు ఆ జంటలు అందరికీ దొరుకుతున్నాయి. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో పెల్టియర్ ప్లేటు అడిగితే నాలుగు సెంటీమీటర్ల చదరపు పలక చేతిలో పెడతారు. కరెంటిస్తే ఒక వైపు చల్లబడే పలక అది, చిన్న కూలర్లలో వాడతారు. వెనక్కి నడిపితే, అంటే ఒక వైపు వేడి, మరో వైపు చలి తగిలిస్తే కరెంటు ఇస్తుంది. లోపల బిస్మత్ టెల్యురైడ్ జంటలు 127. గ్యాసు మంట మీద నేరుగా పెట్టకండి. చాలా పలకల్లో అతుకు 138 డిగ్రీలకే కరుగుతుంది. వేడినీళ్ల గిన్నె ఒక వైపు, పాత కంప్యూటర్ నుంచి తీసిన రెక్కల హీట్‌సింక్ మరో వైపు చాలు. వైబ్రేటర్ స్థానంలో ఇప్పుడు 20 మిల్లీవోల్టులతోనే మొదలై వోల్టేజి పెంచే చిప్పులున్నాయి. చిన్న ఎల్‌ఈడీ వెలిగించడం కష్టం కాదు. హీట్‌సింక్ వేడెక్కుతున్న కొద్దీ వెలుగు ఎలా సన్నగిల్లుతుందో పిల్లలకు చూపించండి. మొత్తం పాఠం అందులో ఉంది.

ఫోను సంగతి అడుగుతారు కాబట్టి చెప్పాలి. ఫోను బ్యాటరీలో సుమారు 15 వాట్-గంటలు పడతాయి. దీపం నుంచి మూడు వాట్లు తీస్తే, నష్టాలు కలుపుకుని ఏడు గంటలు. మూడువందల యాభై మిల్లీలీటర్ల కిరసనాయిలు. ఎండ ఉన్న చోట పది వాట్ల సోలార్ పలక ఈ పనిని ఒక్క పూటలో ఉచితంగా చేసిపెడుతుంది. చార్జరు కోసం దీపం వెలిగించడం తెలివైన పని కాదు. కానీ మంట ఎలాగూ వెలుగుతున్న చోట, చలికాలపు రాత్రిళ్లు, మబ్బు వీడని కొండల్లో ఈ పద్ధతికి ఇంకా ఎదురులేదు. బయోలైట్ క్యాంపు పొయ్యి నడిచేది అందుకే. పుల్లల మంటలోకి చొచ్చుకెళ్లిన లోహపు కడ్డీ వేడిని జంటలకు అందిస్తుంది, పక్కన యూఎస్‌బీ సాకెట్ ఉంటుంది. జంటలిచ్చే కరెంటులో ముందు వాటా ఫోనుకు రాదు. లోపలున్న చిన్న ఫ్యానుకు పోతుంది. ఆ ఫ్యాను తెచ్చే గాలి మొదట జంటల చల్లటి వైపును చల్లబరిచి, తర్వాత మంటలోకి ఊదుకుంటుంది. సాకెట్‌కు చేరేది దాని అవసరం తీరాక మిగిలిందే.