బండి వెనక ఎత్తు లేపారా? మళ్లీ అసలు ఎత్తుకు తేవడం ఎందుకు, ఎలా?

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో బండి మోసేది మనుషులనే కాదు. పాల క్యాన్లనూ, 45 కిలోల యూరియా బస్తానూ మోస్తుంది. బరువుకు కుంగి టైరు మడ్‌గార్డుకు రాసుకుంటోందని, షాకబ్జర్ల కింద ఇనుప ముక్కలు బిగించి వెనక ఎత్తు లేపుతుంటారు. మీ బండికీ అలా చేయించి ఉంటే తీసేయించండి.

ఎందుకు తీయాలి?

వెనక లేస్తే ముందు వంగుతుంది. ముందు ఫోర్కు వాలు తగ్గి నిటారవుతుంది, హ్యాండిల్‌కు నిలకడ పోతుంది. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ లాంటి దిగుడులో బ్రేకు వేస్తే బరువంతా ఎలాగూ ముందుకే వస్తుంది. వెనక లేచిన ఎత్తూ దానికి తోడవుతుంది. రాత్రిపూట హెడ్‌లైట్ వెలుగు దగ్గరే పడుతుంది. సైడ్ స్టాండ్ వేస్తే బండి మరీ ఒరుగుతుంది. చైన్ బిగువు కూడా మారుతుంది.

మరి బరువు సంగతి?

ముక్క బిగించినంత మాత్రాన స్ప్రింగ్‌కు బలం రాదు. బరువు మోసేది స్ప్రింగ్, ఊగకుండా ఆపేది లోపలి ఆయిల్. బరువు కోసం కంపెనీయే స్ప్రింగ్ దగ్గర మెట్ల రింగు పెట్టింది. స్ప్లెండర్‌కు 5 మెట్లుంటాయి. మెట్టు పెంచితే స్ప్రింగ్ ముందే కొంత నొక్కుకుని ఉంటుంది, బస్తా వేసినా బండి తక్కువ కుంగుతుంది. నల్లరేగడి మట్టి ఆ మెట్లలో ఎండి రాయిలా పట్టేయడంతో, రింగు తిరుగుతుందన్న సంగతే చాలామందికి తెలియదు.

ఎలా చేయాలి?

డబుల్ స్టాండ్ వేసి, చక్రం కింద చెక్క దిమ్మె పెట్టండి. రెండు పక్కలా కింది బోల్టులు విప్పి ముక్కలు తీయండి. ఒకరు చక్రాన్ని మెల్లగా లేపితే షాకబ్జర్ రంధ్రం అసలు చోటికి వస్తుంది; బోల్టు ఎక్కించండి. రింగును నీళ్లతో, బ్రష్‌తో కడిగి, వంకీ పానాతో రెండు పక్కలా ఒకే మెట్టుకు తిప్పండి. బండిని నేల మీదికి దించి, ఒకరిని కూర్చోబెట్టాకే బోల్టులు పూర్తిగా బిగించండి. లేకపోతే లోపలి రబ్బరు బుష్ మెలిపడి తొందరగా చిరుగుతుంది. చివరగా చైన్ బిగువు సరిచూడండి.

షాకబ్జర్ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?

సీటును గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి లేచి కుదురుకుంటే మంచిదే. రెండు మూడుసార్లు ఊగినా, కడ్డీ మీద ఆయిల్‌కు దుమ్ము అంటుకుని కనిపించినా షాకబ్జర్ పని అయిపోయినట్టే. రెండూ కలిపి మార్చండి.

బస్తా దించాక రింగును మళ్లీ కిందిమెట్టుకు తిప్పడం మరవకండి. ఖాళీ బండి మీద బిగిసి ఉన్న స్ప్రింగ్, గుంత దెబ్బను నేరుగా మీ నడుముకే పంపుతుంది.